రోగి కార్శ్యము తపస్సు కాదు

“లంఘనం పరమౌషధం” అను నానుడి తెలుగువారి ఇండ్లలో తరతరములుగా వినబడుచున్నది. అజీర్ణమునకును, జ్వరారంభమునకును తగిన ఈ మాటను సర్వరోగములకును అన్వయించుట వలన అనర్థము కలుగుచున్నది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు నూతన నగరముగా పెరిగినవి. దినమంతయు కూర్చుండి పని చేయు ఈ నగరమందు బరువు తగ్గుట ఐదవ పురుషార్థమైనది. స్థూలకాయునకు అది హితమే. కాని అదే గృహమందు క్యాన్సరుతోనో, కాలేయ వ్యాధితోనో బాధపడు తల్లిదండ్రులు చిక్కిపోవుచుండగా, “సన్నబడినారు, మంచిదే” అని సంతోషించుట, ఉపవాసములు ఫలించినవని మెచ్చుకొనుట అజ్ఞానము. రోగి కార్శ్యము తపస్సు కాదు. అది రోగముపై పుట్టిన మరియొక రోగము.

ఆధునిక వైద్యులు దీనిని క్యాకెక్సియా అందురు. దుస్థితి అను అర్థము గల గ్రీకు పదమిది. క్యాన్సరు రోగుల విషయమున 2011లో అంతర్జాతీయ నిపుణులు ఒక ప్రమాణమును నిర్ణయించిరి. ఆరు నెలలలో శరీర భారము నూటికి ఐదు వంతులకు మించి తగ్గుట దీని ముఖ్య లక్షణము. 70 కిలోల మనిషికి అది మూడున్నర కిలోలు మాత్రమే. వ్యాధి వలన దేహమందు పుట్టిన శోథము ఆకలిని చంపును, కండరములను కరిగించును. అందుచేతనే భోజనము పెంచినంత మాత్రమున ఇది పూర్తిగా మరలదు. హృదయము, శ్వాసకోశములు, మూత్రపిండములు చెడినవారికిని ఇది సంభవించును. కాలేయ రోగులకు ఉదరమందు నీరు చేరుట వలన తూనిక మోసగించును. కణతలు లోనికి పోవుట, భుజములు, తొడలు సన్నగిల్లుట, చేతులు ఊనక కుర్చీ నుండి లేవలేకపోవుట, ఇవి చూడవలసిన గుర్తులు. దూరదేశమందున్న సంతానమునకు వీడియోలో ముఖము మాత్రమే కనబడును, తొడలు కనబడవు.

మన శాస్త్రము ఈ భేదమును ఎరుగనిది కాదు. చరకసంహిత సూత్రస్థానమందలి 22వ అధ్యాయము లంఘనమును, బృంహణమును వేర్వేరు చికిత్సలుగా విభజించినది. క్షీణులు, కృశులు, వృద్ధులు, దుర్బలులు బృంహణమునకు, అనగా పోషణకు, అర్హులని అందు చెప్పబడినది. నిదానస్థానమందు శోషమునకు చెప్పిన నాలుగు కారణములలో మొదటిది సాహసము, అనగా శక్తికి మించిన శ్రమ. చిలుకూరు బాలాజీ సన్నిధిలో కోరిక తీరినవారు 108 ప్రదక్షిణలు చేయుట ఆచారము. కండ కరిగిన రోగి పట్టుదలతో అన్ని ప్రదక్షిణలకు పూనుకొనినచో అది భక్తి రూపమందున్న సాహసమే. కుమారుడు తల్లి పక్షమున తిరిగినచో స్వామికి లోటు లేదు.

వ్రతభంగ భయము కూడ నిరాధారమే. జలము, కందమూలములు, ఫలములు, క్షీరము, హవిస్సు, గురువాక్యము, ఔషధము మొదలైన ఎనిమిది వ్రతమును చెరుపవని ధర్మశాస్త్రము. అశక్తుని పక్షమున పుత్రాదులు ఉపవసింపవచ్చును. శాస్త్రవిహితము కాని ఘోర తపస్సుతో దేహమును పీడించువారిని భగవద్గీత 17వ అధ్యాయము ఆసుర నిశ్చయులనినది. ఇందుకు వైద్యసాక్ష్యమును గలదు. సిరోసిస్ ముదిరిన రోగి ఒక్క రాత్రి నిరాహారముగా ఉన్నచో, ఆరోగ్యవంతుడు రెండు మూడు దినములు పస్తున్నట్లు వాని దేహము తన కండనే ఇంధనముగా వాడుకొనును. అందువలననే అట్టివారిని నిద్రకు ముందు కొంత తినుడని వైద్యులు చెప్పుదురు. అట్టి దేహముపై ఏకాదశి నిరాహారమును మోపుట ధర్మమెట్లగును?

“ఇది ప్రారబ్ధము, అనుభవింపక తప్పదు” అనువారును కలరు. వారు చంద్రుని కథను స్మరింపవలెను. రోహిణియందే పక్షపాతము చూపినందున దక్షుని శాపముచే చంద్రుడు యక్ష్మపీడితుడయ్యెనని మహాభారతము శల్యపర్వమందు కలదు. అచట దోషము స్పష్టము. అయినను దేవతలు, నీ కర్మ నీవు అనుభవింపుమని చంద్రుని విడువలేదు. అతడు క్షీణించినచో ఓషధులు క్షీణించును, ప్రజలు క్షీణింతురు అని తలచి దక్షుని ప్రార్థించిరి; ప్రభాసతీర్థ మార్గము లభించినది. దోషము ఉన్నచోటనే ఉపాయమును వెదకిరి. ఏ దోషమును లేని రోగిని నిందించుటకు మనకు అధికారమెక్కడిది?

మరియొక నింద ప్రేమ రూపమున వచ్చును. “ఎంత చెప్పినను తినరు” అని రోగిని గద్దించుట, నోటిలో కుక్కుట. ఆకలి చచ్చుట వ్యాధి పని, మొండితనము కాదు. కొంచెము కొంచెముగా, పలుమార్లు, రోగికి రుచించునది పెట్టవలెను. పదిహేను దినములకొకసారి తూచి వ్రాసి, ఆ లెక్కను వైద్యునికి చూపవలెను. మూత్రపిండ రోగికి డయాలసిస్‌కు పూర్వము మాంసకృత్తులను మితము చేయుదురు, డయాలసిస్ మొదలైన పిదప పెంచుదురు. కావున ఆహార నిర్ణయము ఇరుగుపొరుగు సలహాపై కాక వైద్యుని మాటపై జరుగవలెను.

అంత్యదశలో మాత్రము ఆహారేచ్ఛ సహజముగానే ఉడుగును. అప్పుడు బలవంతపు ముద్ద సేవ కాదు, హింస. పెదవులు తడుపుట, తులసీతీర్థము, చేయి పట్టుకొని కూర్చుండుట చాలును. ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్ వంటి ఉపశమన కేంద్రములు ఐటీ సౌధముల చెంతనే ఉన్నవి. అచటికి పోవుట ఓటమి కాదు.

తైత్తిరీయోపనిషత్తు అన్నమయ కోశము నుండియే విచారము నారంభించినది. ఆ కోశము కరగుచుండగా చూచియు చూడనట్లుండువారికి పై కోశముల విచారము ఫలింపదు. నేటి సాయంకాలము ఇంటనున్న రోగిని తూచుట కూడ ధర్మాచరణమే.

స్వస్తి.