అందరికీ ఒకటేనట!

ఉత్తరాఖండ్‌లో ఉమ్మడి పౌరస్మృతి అమల్లోకి వచ్చి వారం గడిచిందో లేదో, 2025 ఫిబ్రవరి 4న గుజరాత్ సర్కారు కూడా తగుదునమ్మా అంటూ ముసాయిదా కమిటీ వేసింది. నివేదికకు అప్పుడు ఇచ్చిన గడువు 45 రోజులు. పౌరులందరికీ ఒకే చట్టం తెస్తామన్న నోటితోనే ఆదివాసీల ఆచారాలకు ఢోకా ఉండదనీ చెప్పింది. ఆదివాసీలకు మినహాయింపు ఇవ్వాల్సిందే, అందులో రెండో మాట లేదు. మా అభ్యంతరమల్లా ‘అందరికీ ఒకటే’ అన్న బుకాయింపు మీదే.

ఉత్తరాఖండ్ స్మృతి రెండో సెక్షన్‌లోనే షెడ్యూల్డ్ తెగలను పక్కన పెట్టింది. నాగాలాండ్, మిజోరంల ఆచార చట్టాలకు రాజ్యాంగంలోని 371ఎ, 371జి అధికరణలే కాపలా. అంతదాకా ఎందుకు, హిందువులకైనా ఒకటే రీతి ఉందా? మేనమామ కూతురిని చేసుకోవడం తెలుగు ఇళ్లలో హక్కు కింద లెక్క. ఉత్తరాదిలో చాలాచోట్ల ఆ మాటెత్తితేనే చెవులు మూసుకుంటారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం నిషిద్ధ బంధుత్వాలను నిర్వచిస్తూనే, ఆచారం ఒప్పుకున్న చోట పెళ్లి చెల్లుతుందని మేనరికానికి దారి వదిలింది. ఉత్తరాఖండ్ చట్టమూ ఆచారానికి అలాంటి వెసులుబాటే ఉంచింది. ఆదాయపు పన్నులో హిందూ అవిభక్త కుటుంబానికి ఉన్న ప్రత్యేక హోదా జోలికి ఢిల్లీలో ఎవరూ పోరు. వీటిలో దేనివల్లా దేశ సమైక్యత బీటలు వారలేదు. నికా, తలాక్, వారసత్వాల దగ్గరికి వచ్చేసరికే ఆచారం వేర్పాటువాదమైపోతుందా? మినహాయింపుల పంపకంలో కనిపిస్తున్నది సమానత్వం కాదు, ఎవరిని కదిపితే ఓట్లు పోతాయన్న లెక్క. భావి పార్లమెంటు ఇలాంటి స్మృతిని మొదట ఇష్టపడి ముందుకొచ్చిన వారికే వర్తింపజేయవచ్చని 1948లో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ సూచించారు. ఆయన పటానికి దండలు వేసేవారికి ఆ సూచన మాత్రం గుర్తుండదు.

ముస్లిం కుమార్తెకు సోదరుడి వాటాలో సగమే దక్కడం అన్యాయమే, కాదనలేం. అయితే తక్షణ ట్రిపుల్ తలాక్ 2017లో సుప్రీంకోర్టులో కూలింది ముస్లిం మహిళలు పోరాడితేనే. ఏ ఉమ్మడి స్మృతీ అక్కర్లేకపోయింది. అప్పటికి పెళ్లికాని హిందూ కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్నే సవరించి ఇచ్చింది. కేంద్రానికి ఆ బుద్ధి పుట్టడానికి 2005 దాకా పట్టింది. ఉత్తరాఖండ్ చట్టం స్త్రీల మేలు కోరేదే అయితే, సహజీవనం చేసే జంట నెలలోగా నమోదు చేసుకోకపోతే మూడు నెలల దాకా జైలన్న నిబంధన అందులో ఎందుకుంది? 21 ఏళ్లు నిండని వారైతే తల్లిదండ్రులకు కబురు వెళ్తుందట. మతాంతర జంటల్లోని అమ్మాయికి ఆ కబురు రక్షణో, ప్రాణగండమో పాలకులకు తెలియదా? గుజరాత్ కమిటీకి నిజంగా వారసత్వపు వాటా గురించే బెంగ ఉంటే ముస్లిం మహిళలను పిలిచి ఆ ఒక్క విషయం తేల్చాలి. లేదంటే ఎవరిని చట్టంలోకి లాగాలో, ఎవరిని వదిలేయాలో ఏ కొలమానంతో నిర్ణయిస్తోందో తన నివేదిక మొదటి పేజీలోనే రాయాలి.