జమ్ముదుబ్బులకు అప్పగించిన మురుగు

చిన్న ఊరి మురుగును శుద్ధి చేయాలన్నా మహానగరపు యంత్రాలే కావాలా? 1970లలో అమెరికాలోని ఆర్కేటా పట్టణం ఈ ప్రశ్న పట్టుబట్టి అడిగింది. ఉత్తర కాలిఫోర్నియాలో, హంబోల్ట్ అఖాతం ఒడ్డున ఉన్న ఊరది. ఇప్పటికీ దాని జనాభా ఇరవై వేల లోపే. ఆ అఖాతమేమో ఆల్చిప్పల సాగుకు పేరుమోసింది.

శుద్ధిచేసిన మురుగునైనా అఖాతాల్లోకి వదలకూడదనీ, వదలాలంటే దానివల్ల ఆ నీటికి మేలు జరుగుతుందని నిరూపించాలనీ 1974లో రాష్ట్రం ఒక విధానం తెచ్చింది. దాంతో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఒకే పెద్ద శుద్ధి కేంద్రం కట్టి, అఖాతం కింద గొట్టాలు వేసి, నీటిని పసిఫిక్‌లో కలపాలన్న పథకం తయారైంది. ఖర్చు కోట్ల డాలర్లలో. ఆర్కేటా ససేమిరా అంది.

కాదంటే సరిపోదు, బదులు చూపాలి. హంబోల్ట్ స్టేట్ యూనివర్సిటీ మత్స్యశాస్త్ర ఆచార్యుడు జార్జ్ అలెన్ అప్పటికే శుద్ధిచేసిన మురుగులో సముద్రపు నీరు కలిపి సాల్మన్ పిల్లలను పెంచుతున్నారు. పర్యావరణ ఇంజనీరు రాబర్ట్ గేర్‌హార్ట్ ఆయనకు తోడయ్యారు. 1979లో చిన్న చిత్తడి మడుల్లో ప్రయోగం మొదలైంది. 1986 నాటికి పాత చెత్తకుప్పలు, మూతబడ్డ కలప మిల్లుల స్థలాల్లో పూర్తి వ్యవస్థ పనిచేయసాగింది.

అందులో మాయేమీ లేదు. ముందు జల్లెడలు చెత్తను ఆపుతాయి, తొట్లలో మడ్డి దిగుతుంది. తేరిన నీరు విశాలమైన చెరువుల్లోకి చేరి, ఎండకూ గాలికీ నిలుస్తుంది. నాచు ఇచ్చే ప్రాణవాయువుతో సూక్ష్మజీవులు మలినాన్ని తినేస్తాయి. అయితే ఆ నాచే మళ్లీ కాలుష్యం కాగలదు. అందుకే తర్వాతి మజిలీ జమ్ము, తుంగ పెరిగిన మడులు. దుబ్బుల నీడలో నాచు చచ్చి అడుగుకు చేరుతుంది. కాడలకు అంటుకున్న సూక్ష్మజీవులు మిగిలిన పని చూసుకుంటాయి. రోగక్రిములను చంపాకే నీరు అఖాతం చేరుతుంది. ఇప్పుడక్కడ 307 ఎకరాల అభయారణ్యం ఉంది. మూడు వందలకు పైగా జాతుల పక్షులు కనిపిస్తాయి. జనం నడకకు వెళ్తారు. ఇది ముఖ్యం: రోజూ కళ్లెదుట ఉన్నదాన్ని ఊరు పాడుపడనివ్వదు.

లోపాలూ ఉన్నాయి. దీనికి భూమి ఎక్కువ కావాలి. పైగా హంబోల్ట్ అఖాతం చుట్టూ నేల కుంగుతోంది, సముద్ర మట్టం పెరుగుతోంది. కరకట్టల వెనకున్న ఈ చెరువులకు ముప్పు నిజం. అయినా ఈ దారిని కొట్టిపారేయడానికి అది కారణం కాదు. స్థలం ఎంచేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన హెచ్చరిక.

మన సంగతి చూద్దాం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 7,200 కోట్ల లీటర్లకు పైగా మురుగు పుడుతోంది. కట్టిన శుద్ధి కేంద్రాల సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లు. శుద్ధవుతున్నది 2,023 కోట్లే. అంటే కట్టుకున్న దానిలోనూ మూడో వంతుకు పైగా వాడుకోలేకపోతున్నాం. చిన్న పురపాలికకు కేంద్రం కట్టడంకన్నా దాన్ని నడపడమే కష్టం. చెరువుల దారి మనకూ కొత్తది కాదు: మురుగును చెరువుల్లోకి మళ్లించి చేపలు పెంచే తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు మన దేశంలోనే ఉన్నాయి.

తీరంలోని మన పురపాలక సంఘాలు టెండర్లు పిలిచే ముందు మూడు లెక్కలు ప్రజల ముందు పెట్టాలి: పదేళ్ల కరెంటు బిల్లు, నడిపే సిబ్బంది, దగ్గర్లో చిత్తడికి పనికొచ్చే ప్రభుత్వ భూమి.