సెల్లార్‌లో గోదాం, మెట్లకు తాళం.. తనిఖీల్లో కళ్ల ముందున్నవే కనిపించడం లేదా?

హైదరాబాద్: నగరంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగిన ప్రతిసారీ వారం పది రోజులు హడావుడి ఉంటుంది. నోటీసులు ఇస్తారు, రెండు మూడు షాపులు సీజ్ చేస్తారు. ఆ తర్వాత అంతా మామూలే. అయితే 2022 నుంచి జరిగిన ప్రమాదాలను వరుసగా చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. ప్రాణాలు తీసిన లోపాల్లో చాలావరకు గోడల లోపల దాగి ఉన్నవి కావు. టార్చిలైటు పట్టుకుని గంటసేపు బిల్డింగ్ తిరిగితే ఎవరికైనా కనిపించేవే.

2022 మార్చిలో బోయిగూడ స్క్రాప్ గోదాంలో 11 మంది బిహార్ కార్మికులు చనిపోయారు. వాళ్లు పడుకున్నది పైన, దిగాలంటే దారి కింది గోదాంలోంచే. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది పోయారు. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చిన ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక ప్రాణాలు వదిలారు. నవంబర్‌లో బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద కెమికల్ డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది, 2025 మే 18న గుల్జార్ హౌజ్‌లో 8 మంది చిన్నారులతో కలిపి 17 మంది బలయ్యారు. చాలావాటిలో నిప్పు కింద పుట్టింది, మనుషులు పైన చనిపోయారు. చంపింది కూడా ఎక్కువగా మంట కాదు, పొగే.

మరి తనిఖీలు ఏం చేస్తున్నట్టు? ఫైర్ ఎన్‌ఓసీ నిబంధన ప్రకారం వాణిజ్య భవనం ఎత్తు 15 మీటర్లు, నివాస భవనం 18 మీటర్లు ఉంటేనే అనుమతి కావాలి. ఫంక్షన్ హాళ్లు, స్కూళ్లు, సినిమా హాళ్లకు వేరే లెక్క ఉంది. గుల్జార్ హౌజ్ భవనం గ్రౌండ్ ప్లస్ టూ. కింద మల్గీలు, పైన కుటుంబాలు. పాతబస్తీలో, బేగంబజార్‌లో ఇలాంటివి గల్లీకి ఎన్ని ఉన్నాయో అక్కడ తిరిగేవాళ్లకు తెలుసు. అవన్నీ కాగితం మీద ఈ లెక్కలోకే రావు. అంటే ఓనరో, కిరాయిదారో తమంతట తాము చూసుకోకపోతే చూసే దిక్కే లేదు.

చూడటం మెట్ల దగ్గర మొదలుపెట్టాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్ వాణిజ్య భవనాల్లో మెట్ల వెడల్పు కనీసం మీటరున్నర ఉండాలంటోంది. కట్టినప్పుడు అంత ఉన్నా ఇప్పుడు ఎంత మిగిలిందన్నదే ప్రశ్న. ఒక పక్క అట్టపెట్టెలు, ఇంకో పక్క మీటర్ బోర్డులు, పైన ఇంటర్నెట్ కేబుళ్ల చుట్టలు. రెండో మెట్లదారి ఉంటే దానికి తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ చాయ్ తాగడానికి పోయి ఉంటాడు. డాబా తలుపుదీ ఇదే కథ. దొంగల భయం నిజమే. కానీ లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే గడియలు మార్కెట్లో దొరుకుతున్నాయి.

తర్వాత సెల్లార్. పార్కింగ్ కోసం అనుమతి తీసుకుని గోదాంగా వాడటం ఇక్కడ ఎవరికీ తప్పుగా కూడా అనిపించదు. స్పాంజి, బట్ట, థిన్నర్, బ్యాటరీలు ఏవి అంటుకున్నా ఆ పొగ మెట్లదారి, లిఫ్టు గుంత పట్టుకుని నేరుగా పైకి పోతుంది.

కరెంటు విషయం ఇంకా మోసకారి. షాపు తెరిచినప్పుడు రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు. ఇప్పుడు మూడు ఏసీలు, ఒక ఫ్రిజ్. వైరు మాత్రం పాతదే. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని పెద్దది వేయిస్తారు. అది పడిపోవడం రోగం కాదు, హెచ్చరిక. పెద్దది వేస్తే వైరు కాలేదాకా ఆపేవాడే ఉండడు. నల్లబడ్డ ప్లగ్గు, కాలిన ప్లాస్టిక్ వాసన, వేడెక్కిన బోర్డు కనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

నిర్మాణ లోపాలు నెమ్మదిగా వస్తాయి. ప్లాస్టర్ మీద సన్నటి చీలికలకు భయపడక్కర్లేదు. పిల్లర్‌లో, బీమ్‌లో పగులు పొడవునా సాగుతున్నా, పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు బయటపడినా అది ఇంజినీర్ చూడాల్సిన కేసు. బాత్రూం కింద తడి, డాబా మీద కొత్తగా పెట్టిన ట్యాంకులు, సెల్ టవర్, హోర్డింగ్ ఉన్నచోట మరీ జాగ్రత్త. షోరూం విశాలంగా కనిపించాలని గోడ కొట్టేసిన చోట అది భారం మోసే గోడో కాదో కొట్టకముందు అడిగారా?

తనిఖీ చేసేవాడి ప్రాణం మాటేంటి? 2023 జనవరి 19న రాంగోపాల్‌పేటలో డెక్కన్ మాల్ తగలబడినప్పుడు ముగ్గురు కార్మికులు లోపల చిక్కుకున్నారు. స్లాబులు కూలి, వేడి తగ్గక సిబ్బంది లోపలికి అడుగు పెట్టలేకపోయారు. డ్రోన్లతో వెతకాల్సి వచ్చింది. చివరికి భవనాన్నే కూల్చేశారు. కాలిన, బీటలు వారిన భవనంలోకి ఇంజినీర్ చెప్పేదాకా ఎవరూ వెళ్లకూడదు. సామాను తెచ్చుకోవడానికి అసలే వద్దు. మామూలు తనిఖీకైనా ఒంటరిగా వెళ్లొద్దు, బయట ఒకరికి చెప్పి వెళ్లాలి. మూసి ఉన్న సంపు, డ్రైనేజీ గుంతల్లోకి దిగొద్దు, అక్కడ విషవాయువు కంటికి కనిపించదు. ప్యానెల్ బోర్డు మూత సొంతంగా తీయొద్దు. పాత పిట్టగోడకు ఆనుకుని కిందికి తొంగి చూడటం కూడా ప్రమాదమే.

ఇక ఖర్చు ఎవరిదన్న దగ్గర బండి ఆగిపోతుంది. ఓనర్ ‘వాడుకునేది మీరే కదా భాయ్’ అంటాడు. కిరాయిదారు ‘బిల్డింగ్ మీది కదా సాబ్’ అంటాడు. అడ్వాన్స్ ఎంత, ఏటా కిరాయి ఎంత పెరగాలన్నది అగ్రిమెంట్‌లో పక్కాగా రాసుకుంటారు. వైరింగ్ మార్చే బాధ్యత ఎవరిది, రెండో మెట్లదారి తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది కూడా అదే స్టాంపు పేపర్ మీద రాసుకోవచ్చు. దానికి అదనంగా పైసా ఖర్చు కాదు.