మన పుస్తకం ముఖాన ఎవరి బొమ్మ?

మొన్నామధ్య ఒక తమ్ముడు తాను రాసి, తానే అచ్చేయించుకున్న పుస్తకం పట్టుకుని మా దగ్గరకొచ్చాడు. అది వాళ్ల నాయనమ్మ కథ. ఊరి పొలాల్లో నాట్లేసి, కలుపు తీసి, బిడ్డల్ని బడికి పంపిన మాదిగ ముసలమ్మ కథ. చిట్టీ పాడి, ఆ డబ్బుతో 500 కాపీలు వేయించాడు. లోపల ప్రతి పేజీ నిజం. అట్ట మీద మాత్రం ఎవరో ముసలామె. ముక్కుకు పెద్ద నత్తు, జబ్బల దాకా తెల్లగాజులు, వెనకాల ఇసక దిబ్బలు. రాజస్థాన్ వైపు మనిషని చూస్తేనే తెలుస్తున్నది.

"ఈమె ఎవరు తమ్ముడూ?" అనడిగాం.

"ఏమో అన్నా, డీటీపీ చేసినతను ఇంటర్నెట్లో దొరికితే పెట్టేశాడు. మా నాయనమ్మ కూడా చూసి అదే అడిగింది. నా కథ అన్నావే, ఈమెవరయ్యా అని" అన్నాడు.

ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్నకు, మనలో సొంతంగా పుస్తకాలేసుకునే వాళ్లందరం జవాబు చెప్పాలి.

తమ్ముణ్ణి తప్పుపట్టటానికి ఇది రాయటం లేదు. మన పుస్తకాలు చాలావరకు మనమే వేసుకుంటాం, అప్పో సప్పో చేసి, చందాలెత్తి. కాగితానికి, అచ్చుకు, బైండింగుకు సర్దేసరికి చేతిలో పైసా మిగలదు. అట్ట సంగతి ఆఖరికొస్తుంది. "ఏదో ఒక బొమ్మ పెట్టండి" అనేస్తాం. ఆ 'ఏదో ఒక బొమ్మ' దగ్గరే మనం ఓడిపోతున్నాం.

అసలు మన బొమ్మ మన చేతిలో ఎప్పుడున్నది? దొరలు కుర్చీలేసుకుని ఫోటోలు దిగి గోడలకు తగిలించుకున్నారు. మనకు ఫోటో అంటే రేషన్ కార్డుకో, స్కాలర్‌షిప్పు ఫారానికో అంటించే బిళ్ల. లేకపోతే మన మీద దాడి జరిగినప్పుడు వచ్చే పేపరు ఫోటో. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను చంపిన తర్వాత మన ముఖాలు పేపర్లకెక్కాయి. ఆ ఫోటోలు సాక్ష్యాలు. అవి కావాలి. కాని చచ్చినప్పుడు, ఏడ్చినప్పుడు, చెయ్యి చాపినప్పుడు తప్ప మన మనిషి బొమ్మకు పనికిరాడా? ఆరె, రంపె పట్టిన చెయ్యి, డప్పు కాచే చెయ్యి, సుద్దముక్క పట్టిన చెయ్యి అట్టకెక్కగూడదా?

బాబాసాహెబ్ అంబేద్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పత్రిక పెట్టింది మన మాట మన నోటితోనే చెప్పుకోవాలని. మాటకున్న న్యాయమే బొమ్మకూ వున్నది. అమెరికాలో బానిసగా పుట్టి, బయటపడి, బానిసత్వం మీద పోరాడిన సోజర్నర్ ట్రూత్ అనే నల్లజాతి తల్లి వుండేది. ఆమెకు చదవటం, రాయటం రాదు. ఆమె శుభ్రమైన బట్టలు కట్టుకుని, అల్లిక పని చేతబట్టుకుని, స్టూడియోలో కూర్చుని ఫోటో దిగింది. ఆ ఫోటో కార్డులు అమ్ముకుని తన బతుకూ, తన పనీ నడుపుకున్నది. 1864లో ఆ బొమ్మ మీద హక్కు తన పేరునే రాయించుకున్నది. బానిస బొమ్మ ఎట్లా వుండాలో దొర చెప్పటం కాదు, నేను ఎట్లా కనపడాలో నేను చెబుతానన్నదన్న మాట.

"అంతా బాగానే వున్నది గానీ డబ్బులేవి?" అంటారు. లెక్క చూద్దాం. మన పల్లెల్లోనే పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు ఫోటోలు తీసే కుర్రాళ్లున్నారు. ఆషాఢంలో, మూఢంలో వాళ్లకు పనుండదు. ఆ రోజుల్లో ఒక పూటకు 1500 రూపాయలు మాట్లాడుకున్నామనుకోండి. 500 కాపీల మీద పంచితే కాపీకి 3 రూపాయలు. టీ ఖరీదు కన్నా తక్కువ. ముగ్గురు రచయితలు కలిసి ఒకే రోజు తీయించుకుంటే ఇంకా తగ్గుతుంది. కాని మనవాడే గదా అని ఊరికే తీయించుకోవద్దు. వెట్టి మీద పుస్తకం రాసి, అట్టకు ఫోటో వెట్టిగా తీయించుకుంటే అదేం న్యాయం?

అదీ కుదరకపోతే చేతిలో ఫోను వున్నది. డెమ్మీ సైజు పుస్తకానికి ముందు అట్ట అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే అడ్డం 1650, నిలువు 2550. అంచులు కత్తిరించటానికి చుట్టూ కాస్త ఎక్కువ. 12 మెగాపిక్సెళ్ల ఫోను అంతకన్నా ఎక్కువే ఇస్తుంది. ఫోను నిలువుగా పట్టండి. జూమ్ చేయకుండా మనిషి దగ్గరకు నడవండి. ఎండ నడినెత్తిన వున్నప్పుడు గాదు, పొద్దున్నే గాని సాయంత్రం గాని, లేదా పంచ నీడలో తీయండి. పక్కన ఒకరు తెల్ల దుప్పటి పట్టుకుంటే వెలుతురు దాని మీదబడి ముఖానికొస్తుంది. పుస్తకం పేరు వేయటానికి తలపైన జాగా వదలండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నాణ్యం పోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

ఇక మన నలుపు సంగతి. కోడక్ కంపెనీ ఫోటో ల్యాబులకు రంగులు సరిచూసుకోవటానికి ఒక నమూనా కార్డు పంపేది. షర్లీ కార్డు అంటారు. ఏళ్ల తరబడి దాని మీద వున్నది తెల్ల అమ్మాయి బొమ్మే. తెల్ల ముఖం బాగా వస్తే అన్నీ బాగా వచ్చినట్టే లెక్క. ఆ బుద్ధి ఇంకా పోలేదు. "అమ్మను కొంచెం ఫెయిర్ చేస్తానండీ" అంటాడు డీటీపీ అతను. ఒప్పుకోవద్దు. వెనకాల ఆకాశం తెల్లగా వుంటే నల్లని ముఖం ముద్దగా వస్తుంది. ఫోను తెర మీద ముఖం దగ్గర వేలితో తాకితే వెలుతురు దానికి తగ్గట్టు మారుతుంది. ముదురు రంగులు అచ్చులో ఇంకా ముదురుతాయి. అందుకని అన్ని కాపీలూ వేయకముందే ఒక నమూనా చూసుకోండి. ముఖం కనపడేటట్టు వెలుతురు సరిచేయటం వేరు, ఒంటి రంగు మార్చటం వేరు. మొదటిది పనితనం, రెండోది అవమానం.

చట్టమూ తెలుసుకుందాం. ఇంటర్నెట్లో కనపడినంత మాత్రాన బొమ్మ ఊరుమ్మడి సొత్తు గాదు. ఫోటో అచ్చయిన తర్వాత 60 ఏళ్ల దాకా దాని మీద హక్కు వుంటుంది. మనం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తొలి హక్కుదారులం మనమే. స్నేహంకొద్దీ తీసిచ్చిన ఫోటో అయితే హక్కు తీసినవాళ్లదే. కాగితం మీద అనుమతి రాయించుకోండి. ఎట్లా తీసినా లోపలి పేజీలో వాళ్ల పేరు వేయండి.

చట్టం కన్నా పెద్దది మనిషి మాట. ఫోటో దిగే మనిషికి పుస్తకం దేనిగురించో చదివి వినిపించండి. ఏ బొమ్మ వేస్తున్నామో చూపించండి. వద్దంటే వదిలేయండి. సరేనంటే మొదటి కాపీ వాళ్ల చేతిలోనే పెట్టండి. అత్యాచారానికి గురైన ఆడబిడ్డ ఎవరో తెలిసేటట్టు పేరు గాని, బొమ్మ గాని ఆమె రాతపూర్వక అనుమతి లేకుండా అచ్చేస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. నేరమని మాత్రమే గాదు, ఆ కథకు ముఖం అక్కర్లేదు. మన కోపానికి ఆ బిడ్డ బొమ్మను వాడుకోగూడదు.

"విషయం ముఖ్యం గానీ అట్టదేమున్నది?" అనే మిత్రులున్నారు. వాళ్లను ఒకటడుగుతాం. మన పేటల్లో అంబేద్కర్ విగ్రహం ఎందుకు నిలబెట్టుకున్నాం? సూటు వేసుకుని, చేత పుస్తకం పట్టుకుని, వేలు చాపి నిలబడ్డ ఆ రూపం అక్షరం రాని మన తల్లులకు కూడా ఎన్నో సంగతులు చెప్పింది. పుస్తకం అట్టా అంతే. చదవటం రాని ఆ నాయనమ్మ తన మనవడి పుస్తకంలో చదవగలిగింది అట్ట ఒక్కటే. ఆ ఒక్కదాంట్లోనే ఆమె లేదు.

తమ్ముడి దగ్గర ఇంకా సగం కాపీలున్నాయి. వాటికి కొత్త అట్ట వేయిస్తానంటున్నాడు. ఫోటో తీసే కుర్రాణ్ణి మాట్లాడుకున్నాడు, కూలి కూడా ఒప్పుకున్నాడు. నాయనమ్మకు చెబితే "అయితే ఆ రోజు పనికి పోను, పండక్కి కట్టుకున్న కోక కట్టుకుంటా" అన్నదట.

ఆ అట్ట కోసం మేమూ ఎదురుచూస్తున్నాం. మీ పుస్తకం అట్ట మీద ఎవరున్నారో మీరూ ఒకసారి చూసుకోండి.

జై భీమ్!