నల్ల పట్టీలను ఉండనిద్దాం

మన హాస్టళ్లలో ఆదివారం టీవీలో సినిమా మొదలైందంటే చాలు, పేర్లు పడడం పూర్తికాక ముందే వెనక వరుసలోంచి ఒక కేక వినిపిస్తుంది: "బొమ్మ సగమే వస్తోందిరా, నిండా పెట్టండి!" రిమోట్ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతుంది. పైనా కిందా ఉన్న నల్ల పట్టీలు మాయమవుతాయి. టీవీ నిండా బొమ్మ వచ్చిందని అందరూ సంతోషిస్తారు. ఇలా సంతోషించడం సరికాదన్నది మా అభిప్రాయం. పట్టీలు ఉన్నంతసేపూ బొమ్మ పూర్తిగానే ఉంది. అవి పోయినప్పుడే బొమ్మ తరిగిపోయింది.

ఇంత చిన్న విషయానికి వార్షికోత్సవ సంచికలో పేజీలెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఇందులో లెక్క ఉంది, చరిత్ర ఉంది, మనం ఆలోచించదగ్గ మాట కూడా ఒకటి ఉంది. నిష్పత్తి, అనుపాతం పాఠం మనందరం చదువుకున్నదే. ఆ పాఠాన్ని రోజూ చూపించే పరికరం మన హాలు గోడకే వేలాడుతోంది.

బొమ్మ వెడల్పుకూ ఎత్తుకూ మధ్య ఉండే నిష్పత్తిని ఆస్పెక్ట్ రేషియో అంటారు. పాత డబ్బా టీవీలది 4:3. అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. ఇప్పటి పలచటి టీవీలది 16:9. సినిమాస్కోప్ బొమ్మది సుమారు 2.35:1. అంటే ఎత్తు ఒక మీటరయితే వెడల్పు రెండు మీటర్ల ముప్పై అయిదు సెంటీమీటర్లు. ఇవి మూడూ వేరు వేరు ఆకారాలు. ఒక ఆకారపు బొమ్మను ఇంకో ఆకారపు తెరలో పెట్టాలంటే మూడే దారులున్నాయి. ఖాళీ వదలాలి, లేదా బొమ్మను సాగదీయాలి, లేదా అంచులు కోయాలి. నాలుగో దారి లేదు.

ఈ ఆకారాలు ఎలా వచ్చాయో కూడా తెలుసుకోవాలి. 1890లలో అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేసిన డిక్సన్, 35 ఎం.ఎం. ఫిల్ము మీద ఒక్కో బొమ్మకు నాలుగు రంధ్రాల ఎత్తు కేటాయించాడు. అలా 4:3 కుదిరింది. సినిమాకు మాటలొచ్చాక ఫిల్ము మీద శబ్దానికి కూడా చోటివ్వాల్సి వచ్చింది. 1932లో 1.37:1 అనే కొలత స్థిరపడింది. పాత కొలతకూ దీనికీ తేడా స్వల్పమే. తర్వాత వచ్చిన టీవీ కూడా సినిమాను చూసి 4:3నే తీసుకుంది. మన 'పాతాళ భైరవి' (1951), 'మాయాబజార్' (1957) ఈ పాత ఆకారంలో తీసినవే.

అమెరికాలో టీవీ ఇళ్లలోకి వచ్చాక హాళ్లకు జనం తగ్గారు. ఇంట్లో దొరకనిది హాలులో చూపించాలని అక్కడి సినిమావాళ్లు తెరను వెడల్పు చేశారు. 1953లో 'ది రోబ్' చిత్రంతో సినిమాస్కోప్ వచ్చింది. ఫ్రాన్సు దేశస్థుడు హెన్రీ క్రెటియెన్ రూపొందించిన లెన్సు దానికి ఆధారం. అది విశాలమైన దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి మామూలు ఫిల్ములోనే ఇముడుస్తుంది. హాలులో ప్రొజెక్టరుకు పెట్టే లెన్సు ఆ నొక్కిన బొమ్మను మళ్లీ విప్పుతుంది. విప్పే లెన్సు పెట్టడం మరిచిపోతే తెర మీద మనుషులు చువ్వల్లా సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. మన దేశంలో తొలి సినిమాస్కోప్ చిత్రం గురుదత్ తీసిన 'కాగజ్ కే ఫూల్' (1959). తెలుగులో మొదటిది 'అల్లూరి సీతారామరాజు' (1974). దానికి ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి. 1986లో 'సింహాసనం' 70 ఎం.ఎం.లో వచ్చింది. ఇప్పుడు మన పెద్ద సినిమాల్లో ఎక్కువ భాగం వెడల్పు తెర కోసం తీస్తున్నవే.

అంటే టీవీకి దూరంగా జరగాలనే సినిమా వెడల్పయింది. హై డెఫినిషన్ టీవీ గురించి ఆలోచన మొదలయ్యాక, 1980 దశకంలో కెర్న్స్ పవర్స్ అనే అమెరికా ఇంజనీరు ఈ రెండు ఆకారాలకూ నడుమ పడేలా 16:9ని సూచించాడు. మన పదో తరగతి తమ్ముళ్లు లెక్క వేసి చూడవచ్చు. 1.33ను 2.35తో గుణించి వర్గమూలం తీస్తే 1.77 వస్తుంది. 16ను 9తో భాగిస్తే 1.78. రెండింటి గుణమధ్యమం అన్నమాట. ఇది రాజీ ఆకారం. పాత సినిమా పెట్టినా, స్కోప్ సినిమా పెట్టినా తెరలో దాదాపు నాలుగో వంతు ఖాళీగా మిగులుతుంది. పాతదానికి ఆ ఖాళీ పక్కల వస్తుంది, స్కోప్‌కు పైనా కిందా వస్తుంది. కాబట్టి నల్ల పట్టీ టీవీ జబ్బు కాదు, కేబుల్ వాళ్ల తప్పూ కాదు. రెండు ఆకారాల మధ్య మిగిలిన జాగా, అంతే.

ఆ జాగాను నింపాలని రిమోట్ నొక్కితే ఏం జరుగుతుందో చూడండి. 4:3 బొమ్మను 16:9కి సాగదీస్తే ప్రతి మనిషీ ఉన్నదానికన్నా మూడో వంతు లావవుతాడు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు గారు నిండుగానే ఉంటారు, మన రిమోట్ ఆయనకు కొత్తగా ఒళ్లు పెంచనక్కర్లేదు. ఆకాశంలో నిండు చందమామ కోడిగుడ్డులా కనిపిస్తుంది. సాగదీయకుండా జూమ్ చేస్తే మనుషులు సరిగ్గానే ఉంటారు గానీ బొమ్మ ఎత్తులో 25 శాతం పోతుంది. పైన కిరీటాలు తెగుతాయి, కింద పాదాలు తెగుతాయి. నాట్యంలో పాదాలు కనిపించకపోతే ఇక చూసేదేముంది? కె.వి. రెడ్డి గారూ, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ గారూ ఆ చట్రంలో ఏది ఎక్కడుండాలో ఆలోచించి అమర్చిన బొమ్మ అది. దాన్ని మనం ఒక్క బటనుతో పాడుచేస్తున్నాం.

స్కోప్ సినిమాను జూమ్ చేస్తే నష్టం పక్కలకు వస్తుంది. వెడల్పులో సుమారు 24 శాతం, అంటే ఒక్కో వైపు 12 శాతం పోతుంది. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే ఇద్దరూ ముక్కులుగా మిగులుతారు. మన పూర్వ విద్యార్థులకు ఇది కొత్త కాదు. డబ్బా టీవీ నిండేలా చూపించిన స్కోప్ సినిమాల్లో వెడల్పులో 43 శాతం దాకా పోయేది. అప్పట్లో ఆ పని ఎక్కడో ఉన్న వాళ్లు చేసి పంపేవారు, మన చేతిలో ఏమీ ఉండేది కాదు. ఇలా కోయడాన్ని ఒప్పుకోని దర్శకులూ ఉన్నారు. ఉడీ అలెన్ తన 'మాన్‌హాటన్' (1979) చిత్రం ఇళ్లకు వీడియోగా వచ్చేటప్పుడు పట్టీలతోనే రావాలని పట్టుబట్టాడు. ఇప్పుడు ఆ అధికారం చాలావరకు మన రిమోట్‌లో ఉంది. వచ్చిన అధికారాన్ని మళ్లీ కోయడానికే వాడుకోవాలా?

ఎదుటివారి వాదన కూడా వినాలి. "ముప్పై రెండు అంగుళాల టీవీ కొన్నది ముప్పై రెండూ చూడడానికే కదా" అంటారు. ఈ టీవీ తెర వెడల్పు సుమారు 28 అంగుళాలు, ఎత్తు 15.7 అంగుళాలు. పక్కల పట్టీలు వదిలి 4:3 బొమ్మ పెడితే అది 21 అంగుళాల వెడల్పుతో వస్తుంది. మూల నుంచి మూలకు కొలిస్తే 26 అంగుళాలు. పాత రోజుల్లో అన్నలు అబ్బురంగా చూసిన 21 అంగుళాల డబ్బా కన్నా ఇది పెద్దదే! స్కోప్ సినిమాకు పైనా కిందా పోయేది రెండేసి అంగుళాల లోపే. దానికోసం బొమ్మను కోయడం చెప్పు కోసం కాలు తెగ్గోసుకోవడమే.

"వెనక కూర్చున్న చిన్న తరగతుల వాళ్లకు కనబడదు" అనే మాట మాత్రం నిజమైన ఇబ్బంది. దాన్ని మేము కొట్టిపారేయడం లేదు. కానీ దానికి మందు జూమ్ కాదు. చాపలు ముందుకు జరపడం, చిన్నవాళ్లను ముందు కూర్చోబెట్టడం, కిటికీ వెలుగు తెర మీద పడకుండా చూడడం. వీటికి పైసా ఖర్చు లేదు. అన్నలు పది అడుగులు వెనక్కి జరిగితే చాలు.

ఇక అసలు మాట. అంచులు కోస్తే పోయేది ఎవరు? హీరో పోడు, అతను మధ్యలోనే ఉంటాడు. పోయేది పక్కన నిలబడ్డ ఊరి జనం, కూలీలు, పాటలో చివరి వరుస నాట్యగాళ్లు. మన హాస్టల్ గ్రూప్ ఫోటోనే తీసుకోండి. వంద మంది ఒకే వరుసలో నిలబడ్డారనుకుందాం. కాగితం సరిపోలేదని రెండు వైపులా కత్తిరిస్తే 24 మంది పోతారు. ఆ అంచుల్లో ఉండేది కొత్తగా చేరినవాళ్లు, బిడియస్తులు, మధ్యకు తోసుకురాలేనివాళ్లు. మధ్యలో ఉన్నవాడికి కత్తెర సంగతే తెలియదు. "ఫోటో బాగా వచ్చిందే" అంటాడు. ఊరి చివరి వాడల నుంచి వచ్చినవాళ్లం మనలో ఎక్కువ మందిమి. చివర ఉన్నవాళ్లను లెక్కలోంచి తీసేస్తే ఎలా ఉంటుందో మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. టీవీ బొమ్మా, మనుషుల బతుకూ ఒకటేనని మేము అనడం లేదు. అంచున ఏముందో చూసే అలవాటు మాత్రం ఇలాంటి చిన్న విషయాల్లోనే పడుతుంది. నిండుగా కనిపించేదంతా పూర్తిగా ఉన్నట్టు కాదని ఒక్కసారి తెలిస్తే, పత్రిక చదివేటప్పుడు, సభలో ఉపన్యాసం వినేటప్పుడు కూడా "ఇందులో ఎవరు కనిపించడం లేదు?" అని అడగడం వస్తుంది.

జూమ్ ఎప్పుడూ వద్దని కూడా మేము అనం. కొన్నిసార్లు నాలుగు వైపులా పట్టీలు వచ్చి, బొమ్మ మధ్యలో పోస్టుకార్డంత కనిపిస్తుంది. స్కోప్ సినిమాను ముందే పట్టీలతో 4:3లో పెట్టి ప్రసారం చేసినప్పుడు అలా జరుగుతుంది. అప్పుడు పక్కల పట్టీలు పోయేంత వరకు జూమ్ చేస్తే బొమ్మలో ఏమీ పోదు. వార్తలు, క్రికెట్ ఎక్కువగా 16:9లోనే వస్తాయి కాబట్టి వాటికి ఏ బటనూ అక్కర్లేదు. కొన్ని చానళ్లు పాత సినిమాలను తామే సాగదీసి పంపుతుంటాయి. అక్కడ మన రిమోట్ చేయగలిగింది తక్కువ.

మిగిలిన సందర్భాలకు మా సూచన సులువైనదే. టీవీ సెట్టింగుల్లో పిక్చర్ సైజ్ అనే చోట ఒరిజినల్ అనో, ఆటో అనో ఉంటుంది. దాన్ని ఒకసారి పెట్టి వదిలేయండి. అనుమానం వస్తే బొమ్మలో బండి చక్రాన్ని చూడండి. గుండ్రంగా ఉంటే సాగలేదన్నట్టు. పేర్లు పడేటప్పుడు అక్షరాలు అంచుల్లో తెగకుండా ఉంటే కోత కూడా లేదన్నట్టు. సినిమా మొదలైన పది నిమిషాలకు పట్టీలు ఉన్న సంగతే మరిచిపోతాం.

ఈ వార్షికోత్సవం నాడు సెల్‌ఫోన్లతో వీడియో తీయబోయే తమ్ముళ్లకు ఇంకొక్క మాట. ఫోను నిలువుగా పట్టుకుని తీస్తే ఆ బొమ్మ 9:16. దాన్ని మన హాలు టీవీలో వేస్తే తెరలో మూడో వంతు కూడా నిండదు. స్టేజీ మీద ఉన్న పదిమందిలో ముగ్గురో నలుగురో దొరుకుతారు. ఫోను అడ్డంగా తిప్పండి. రెండడుగులు వెనక్కి వేయండి. తీసే ముందు తెర ఎడమ అంచూ, కుడి అంచూ చూసి, ఆ చివరన నిలబడ్డ అయిదో తరగతి పిల్లవాడు కూడా పడ్డాడని నిర్ధారించుకున్నాకే బటను నొక్కండి.