విరాటుడి తప్పు

బడిలో పంతులు పిల్లతో అసభ్యంగా ప్రవర్తించాడన్న వార్త డెస్కుకు చేరేలోపే శీర్షిక సిద్ధంగా ఉంటుంది: కీచక ఉపాధ్యాయుడు. దాని కింద గ్రామస్థులు దేహశుద్ధి చేశారని ఒక వాక్యం, అధికారులు సస్పెండ్ చేశారని ఇంకో వాక్యం. మేమూ అలాగే రాశాం, ఎన్నోసార్లు. ఆ పేరు వాడుకున్నాం గానీ విరాటపర్వంలో మిగతా కథ వదిలేశాం. సైరంధ్రి పేరుతో ద్రౌపది విరాటుడి కొలువులో పనికి కుదిరిన మనిషి. తమ్ముడి చూపు ఎలాంటిదో తెలిసి కూడా, మద్యం తెమ్మని ఆమెను కీచకుడి ఇంటికి పంపింది యజమానురాలు సుదేష్ణే. తప్పించుకుని పరుగెత్తుకొచ్చిన ఆమెను అతడు నిండుసభలో కాలితో తన్నాడు. న్యాయం అడిగితే, మా కంటికి కనపడని చోట మీ ఇద్దరి మధ్య ఏం జరిగిందో మాకేం తెలుసు అన్నాడు విరాటుడు. తన్నడం కళ్లారా చూసి కూడా! కీచకుడు రాణిగారి తమ్ముడు మరి, పైగా సేనాపతి.

నేటి బడి కరస్పాండెంట్లూ, ఆఫీసుల్లో హెచ్‌ఆర్ వాళ్లూ ఇంతకంటే కొత్తగా చెప్పేదేమీ లేదు. ‘సార్ అలాంటివారు కాదమ్మా.’ ‘పదో తరగతి రిజల్ట్స్ ఆయన వల్లే వస్తున్నాయి.’ ‘పిల్ల భవిష్యత్తు చూసుకోండి, రేపు పెళ్లి చేయాల్సిన పిల్ల.’ చివరికి టీసీ చేతిలో పెడతారు. సార్ మాత్రం పక్క మండలానికి బదిలీ అవుతాడు. అక్కడి పిల్లలు చేసిన పాపం ఏమిటని ఎవరూ అడగరు. లైంగిక వేధింపులను తొక్కిపెట్టి రాజీ కుదిర్చినవాళ్లు మధ్యవర్తులూ కారు, పెద్దమనుషులూ కారు. వాళ్లూ ముద్దాయిలే. వాళ్ల మీద కూడా కేసులు నడవాలన్నది ఈ పత్రిక అభిప్రాయం.

రాజీ ఎంత దూరం వెళ్తుందో రాజస్థాన్‌లోని ఒక కేసు చెబుతుంది. 2022 జనవరిలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడొకడు విద్యార్థిని ఒంటిమీద చేయి వేశాడని కేసు నమోదైంది. నెల తిరక్కుండానే, ఏదో అపార్థం వల్ల ఫిర్యాదు చేశామని, చర్యలేవీ అక్కర్లేదని స్టాంపు కాగితం మీద పిల్ల తండ్రి రాసిచ్చాడు. ఆ తండ్రి చేత ఎవరు రాయించి ఉంటారో ఊహించడం కష్టం కాదు. ఫిబ్రవరిలో హైకోర్టు ఆ కాగితాన్ని నమ్మి కేసు కొట్టేసింది. ఆ కేసుతో ఏ సంబంధమూ లేని బయటివాళ్లు సుప్రీంకోర్టు గడప తొక్కకపోతే అది అక్కడితో ముగిసేది. 2024 నవంబర్ 7న జస్టిస్ సి.టి. రవికుమార్, జస్టిస్ సంజయ్ కుమార్‌ల ధర్మాసనం హైకోర్టు తీర్పును రద్దు చేసి కేసును మళ్లీ నిలబెట్టింది. బడిలో పిల్ల మీద జరిగిన నేరం రెండు కుటుంబాలు మాట్లాడుకుని తేల్చుకునే సొంత తగాదా కాదని తేల్చింది. ఎకరం గట్టు తగాదాలా పిల్ల శరీరం మీద పంచాయితీ పెట్టే మన ఊళ్లకు ఆ తీర్పును గ్రామసభల్లో చదివి వినిపించాలి.

పెద్దవాళ్ల సంగతికొస్తే, పని చేసే చోట వేధింపులపై మన దేశంలో న్యాయం మొదలైందే ఓ చిరుద్యోగిని వల్ల. రాజస్థాన్‌లోని భతేరీ గ్రామంలో ప్రభుత్వ కార్యక్రమం తరఫున పనిచేసే భన్వరీ దేవి ఓ పసిబిడ్డ పెళ్లి ఆపబోయింది. దానికి ప్రతీకారంగా 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచార నేరం నుంచి విడిచిపెట్టింది. ఆ ఘటన దరిమిలా మహిళా సంఘాలు వేసిన వ్యాజ్యంలోనే 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వచ్చింది. (మన విశాఖపట్నానికి దానితో సంబంధం లేదు, అది పిటిషన్ వేసిన ఒక సంస్థ పేరు.) దాన్ని చట్టంగా మార్చడానికి పార్లమెంటుకు 2013 దాకా తీరలేదు.

చట్టంలో లోటేమీ లేదని కాదు. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు చేయాలంటుంది, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు. జీతం మీద ఇల్లు నడిచే మనిషికి నోరు తెరవడానికే ఏడాది పడుతుంది. కానీ అసలు జబ్బు అమలులో ఉంది. పదిమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి, ఒకరు బయటినుంచి రావాలి. కమిటీ వేయకపోతే జరిమానా 50,000 రూపాయలు. పెద్ద కంపెనీలో ఒక పూట టీ ఖర్చు అది! ఏ కార్యాలయంలోనైనా నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లి చూడండి. కమిటీ పేర్లున్న కాగితం దొరికితే అదృష్టం. అందులోని అధ్యక్షురాలు ఇంకా అక్కడే పనిచేస్తున్నారేమో అడగండి. దేశంలోని 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో 16 చోట్ల నిబంధనల ప్రకారం కమిటీలే లేవన్న వార్తను 2023 మేలో సుప్రీంకోర్టే తన తీర్పులో ప్రస్తావించాల్సి వచ్చింది.

ఇక పదిమంది కంటే తక్కువున్న చోట్ల పనిచేసే ఆడవాళ్ల మాట? విజయవాడ బీసెంట్ రోడ్డులో చిన్న బట్టల కొట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే అమ్మాయి, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో అంట్లు తోమే ఆమె ఎవరికి చెప్పుకోవాలి? జిల్లాకో స్థానిక కమిటీ ఉండాలని చట్టం చెబుతోంది. చట్టం వచ్చిన పదకొండేళ్లకు, 2024 డిసెంబర్‌లో, ఆ కమిటీలు వేయండని సుప్రీంకోర్టు గడువు పెట్టాల్సి వచ్చింది. మీ జిల్లా కమిటీ ఏ గదిలో కూర్చుంటుందో మీకు తెలుసా?

కమిటీ ఉన్నంత మాత్రాన సరిపోదని ఒడిశాలోని బాలాసోర్ చెప్పింది. బీఈడీ చదువుతున్న ఇరవై ఏళ్ల అమ్మాయి విభాగాధిపతి వేధిస్తున్నాడని రాతపూర్వకంగా ఫిర్యాదు చేసింది, పెద్దల గుమ్మాలు తిరిగింది. అంతర్గత కమిటీ విచారణ కూడా జరిగింది. అతడి కుర్చీ కదల్లేదు. 2025 జూలై 12న ఆమె కళాశాల ఆవరణలోనే ఆత్మాహుతికి పాల్పడింది, రెండు రోజులకు భువనేశ్వర్ ఎయిమ్స్‌లో కన్నుమూసింది. ఆమె ఒంటికి నిప్పంటించుకున్న తర్వాతే విభాగాధిపతితో పాటు ప్రిన్సిపాల్‌నూ అరెస్టు చేశారు. బతికున్నప్పుడు ఆమె అడిగింది అంతకంటే చాలా తక్కువ.

తప్పుడు ఫిర్యాదుల సంగతేమిటని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. దురుద్దేశంతో పెట్టిన ఫిర్యాదుపై చర్యకు చట్టంలోనే సెక్షన్ 14 ఉంది. రుజువు చేయలేకపోవడం వేరు, అబద్ధమాడటం వేరని కూడా అక్కడే రాసి ఉంది. ఆ జవాబు చాలు.

ప్రభుత్వాలను అడగాల్సినవి ఉన్నాయి. తెలుగు సినిమా రంగంలో వేధింపులపై తెలంగాణ ప్రభుత్వం వేయించిన ఉపసంఘం నివేదికను బయటపెట్టమని 2024 ఆగస్టులో నటి సమంత బహిరంగంగా కోరాల్సి వచ్చింది. అలాంటి నివేదికలు బీరువాల్లో మగ్గకూడదు, పేర్లు మినహాయించి ప్రచురించాలి. రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి కలెక్టరు తన జిల్లా స్థానిక కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు రైతుబజారు గోడ మీద, బస్టాండులో రాయించాలి. పిల్లలపై వేధింపుల ఆరోపణ వచ్చిన ఉపాధ్యాయుణ్ణి విచారణ ముగిసేదాకా మరే బడిలోనూ అడుగు పెట్టనివ్వకూడదు. మా వంతుగా మేమూ ఒక మాట ఇస్తున్నాం. ఇకపై ఇలాంటి వార్త రాసినప్పుడు, పిల్ల మొదట ఎవరికి చెప్పింది, వాళ్లు పోలీసులకు ఎప్పుడు చెప్పారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు కూడా రాస్తాం.

హెడ్మాస్టర్లకు, కరస్పాండెంట్లకు, హాస్టల్ వార్డెన్లకు ఒక మాట గుర్తు చేస్తున్నాం. పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడే దాచిపెడితే, సెక్షన్ 21 కింద ఏడాది దాకా జైలు, జరిమానా. పిల్ల తల్లిదండ్రులు రాజీకి ఒప్పుకున్నా ఆ సెక్షన్ వర్తిస్తుంది.