వేటగాని కుంచె

జంతువులను చిత్రించువారు ఎందరో కలరు. జంతువును, అది మెలగు నేలను విడదీయకుండ చిత్రింపగలవారు అరుదు. స్వీడన్ చిత్రకారుడు బ్రూనో లిల్యెఫోర్స్ (1860–1939) అట్టివాడు.

ఉప్సాలాలో పుట్టిన ఈయనకు తుపాకియు కుంచెయు రెండును చేతికి అలవడినవే. ప్రాణము తీయు చేతితో ప్రాణికి రూపమిచ్చుట ఎట్లు పొసగునని సహృదయులు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. 1884లో రచించిన డేగ, అడవికోళ్ల చిత్రమునకు చచ్చిన పక్షులే నమూనాలు. అయినను చచ్చిన పక్షి ఈక రంగును తెలుపునేగాని బెదురును తెలుపదు. ఆ బెదురును, బయలున తాను కన్న గుంపును తలచుకొని ఆయన తెచ్చుకొన్నాడు. పొదమాటున కదలక కూర్చుండ నేర్చినవానికే అట్టి జ్ఞాపకము దక్కును. అంతటితో తృప్తిపడక నక్కలను, కుందేళ్లను, డేగను, గ్రద్దను, గుడ్లగూబను ఇంటికడనే ఉంచుకొని వాని కదలికలను పరిశీలించెను. జపాను చిత్రకళనుండి గ్రహించినదియు కొంత కలదు.

1886 నాటి నక్కల కుటుంబ చిత్రమున అవి పట్టిన పక్షిని తినుచుండును. పంచతంత్రపు నక్క జిత్తులమారి. ఈ నక్కకు ఆకలియే గాని జిత్తు లేదు. తినుదానిపై కోపము, తినబడుదానిపై జాలి పుట్టింపవలెనను తొందర చిత్రకారునకు లేదు. కొందరు దీనిని కాఠిన్యమందురు, న్యాయమనుటయే మేలు.

ఆయన కుందేలు మంచులో, నక్క ఎండుగడ్డిలో అణగియుండును. చూపరి కొంతసేపు వెదకవలెను. వేటకు పోయిననాడు ఆయనయు అట్లే వెదకియుండును.